మొదటి గ్లాసు

"ఆగండాగండి, ఎవరూ ముందుకి రావద్దు! మొదటి గ్లాసు పెద్దాయనదే" అంటూ పబ్బులో బీరు కాచే కీరా ట్యాంకు కుళాయి తిప్పింది.

నురగ పైకి లేచింది. చుట్టూ పదిహేనుమంది ఖాళీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. అందరూ ఇళ్లలో బీరు కాచుకునే క్లబ్బు వాళ్లే. గరాజుల్లో ఇరవై లీటర్లు కాచుకుని మురిసిపోయే వీళ్లతో కలిసి డెర్వెంట్ నది ఒడ్డునున్న ఈ పబ్బు ఎనిమిది వందల లీటర్లు కాయడం ఇదే మొదలు. రెసిపీ క్లబ్బు పెద్దాయన బెవన్‌ది. ఇక్కడొక పట్టింపుంది. రెసిపీ ఇచ్చినవాళ్లు రుచి చూసి మాట చెప్పేదాకా, కాచిన కీరా కూడా చుక్క ముట్టదు.

"మధ్యలో ఒకరోజు చల్లబరిచే మెషీన్ ఆగిపోయింది పెద్దాయనా. వెన్న వాసన తగిలితే సరిగ్గా పులియనట్టే; చెప్పండి, ఇంకో వారం పులియనిద్దాం. లేదంటే ఇప్పుడే పీపాల్లోకి నింపేస్తా. మీదే మాట."

"బెవ్ ముక్కు ఉండగా మెషీన్లెందుకమ్మా!" అన్నాడు డగ్. ముప్పై ఏళ్లుగా బెవన్‌కి స్నేహితుడు. "ఏరా, ఆ ముక్కుకి ఇన్సూరెన్స్ చేయించావా లేదా?"

అందరూ నవ్వారు. బెవన్ కూడా నవ్వాడు.

ఆ ముక్కు పోయి రెండేళ్లయింది. కరోనాతో మొగుడూ పెళ్లాలిద్దరూ వారంపాటు మంచం పట్టి లేచారు. లేచిన రోజు టోస్టు మాడి వంటిల్లంతా పొగ కమ్మినా, పక్కనే కూర్చున్న బెవన్‌కి తెలియలేదు. నాలుకకి చేదూ తీపీ తప్ప ఇంకేమీ అందడం లేదు. ఓపిక పట్టమన్నాడు డాక్టరు. రైల్వేలో రిటైరయ్యాక బెవన్‌కి మిగిలింది ఆ క్లబ్బూ, అందులో బీరు పోటీలకి పెద్ద జడ్జి అన్న పేరూ. అదీ పోతే తనేమిటో అతనికే తెలియదు. భార్య నోలీన్‌కి తప్ప ఎవరికీ చెప్పలేదు.

"నేనున్నాగా" అంది నోలీన్.

అప్పటినుంచి పోటీల్లో ఆమె బల్ల చివర కూర్చునేది. ఏనాడూ తొందరపడేది కాదు. అందరి తర్వాత ఒక గుక్క తాగి, బల్లంతా ఒకసారి కలయజూసి, బాగుంటే గడ్డం, బాగాలేకపోతే చెవి ముట్టుకునేది. ఇంట్లో కాచిందైతే "వెలుతుర్లో చూసొస్తా" అంటూ గ్లాసు పట్టుకుని పెరట్లోకి పోయి, కంచె దగ్గర పక్కింటావిడతో నాలుగు కబుర్లాడి మరీ వచ్చి చెప్పేది. రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు.

కీరా రెండో గ్లాసు నింపి నోలీన్‌కి అందించింది. "ఇంట్లోవాళ్లకి మాత్రం మినహాయింపు."

బెవన్ గుండె కుదుటపడింది. తనూ ఒక గుక్క తాగాడు. చల్లగా ఉంది. చేదుగా ఉంది. అంతే. నోలీన్ వైపు చూశాడు. ఆమె తాగింది. చుట్టూ చూసింది. అందరూ బెవన్ మొహంలోకే చూస్తున్నారు. ఆమె చెయ్యి లేవలేదు. మరో గుక్క తాగింది. బెవన్ కళ్లతోనే అడిగాడు. నోలీన్ తల దించేసుకుంది.

"ఏం పెద్దాయనా?" అంది కీరా.

"రేపటి బీరు పండక్కి బోర్డు మీద మన పేరు కూడా రాసేశార్రా" అన్నాడు డగ్. "చెప్పు, గొంతులెండిపోతున్నాయి."

బెవన్ గ్లాసు పైకెత్తాడు.

"బ్రహ్మాండంగా ఉంది. నింపెయ్యమ్మా."

చప్పట్లు మోగాయి. గ్లాసులు నిండాయి. అందరూ ఒక్కసారే తాగారు. డగ్ తన గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

"వెన్న, పెద్దాయనా" అంది కీరా మెల్లగా. "గుప్పుమంటోంది."

"జలుబేమైనా చేసిందేంట్రా?" డగ్ తప్పించుకునే దారి చూపించాడు.

అవునంటే సరిపోయేది. కానీ డగ్ మొహం చూస్తూ మరో అబద్ధం ఆడలేకపోయాడు బెవన్.

"జలుబు కాదు. రెండేళ్లుగా నాకు వాసనే తెలియడం లేదు."

రెండేళ్లుగా అతను తీర్పు చెప్పి ఇచ్చిన పతకాలు ఒక్కొక్కటే వాళ్ల కళ్లలో మెదలడం అతనికి కనిపిస్తూనే ఉంది. చొక్కాకున్న జడ్జి బిళ్ల విప్పబోతే పిన్ను రాలేదు. చివరికి డగ్గే విప్పి పెట్టాడు.

ఇంటిదారిలో కారు, బీరులో వేసే హాప్స్ తోటలు దాటాక బెవన్ గొంతు పెంచాడు.

"గడ్డమో చెవో, ఏదో ఒకటి ముట్టుకోవచ్చుగా నోలీన్! చెయ్యి లేపితే అరిగిపోతావా?"

"ఇంకా ఎవరూ తాగలేదు బెవ్."

"వాళ్లు తాగకపోతే నీకేంటి? గ్లాసు నీ చేతిలోనే ఉందిగా!"

నోలీన్ కారు పక్కకి తీసి ఆపింది. స్టీరింగు మీంచి చేతులు తియ్యలేదు.

"నా ముక్కు కూడా నీతోపాటే పోయింది."