ఆ చెంపదెబ్బ సీను

పేర్లు పడటం అయిందో లేదో, వెల్డింగు మేస్త్రీకి ఒంటి మీద జెర్రులు పాకినట్టయింది.

"వీడా హీరో?" అన్నాడు పక్కనున్న భార్యతో.

తెర మీద ఒక బొద్దు మనిషి. మొహానికి గోడకి కొట్టినట్టు పౌడరు. పొట్ట లోపలికి పీల్చుకుని చెట్ల మధ్య పరిగెడుతున్నాడు. విగ్గు ఒక చెవి మీదికి జారింది.

"అలాంటి మగాడు మళ్ళీ పుట్టడని మీరే కదండీ అన్నారు," అంది ఆవిడ.

మేస్త్రీ సీట్లో అటూ ఇటూ కదిలాడు. ఎవడో ఒలకబోసిన కూల్‌డ్రింకు చెప్పులకు అంటుకుని, కాలు ఎత్తినప్పుడల్లా జిగట చప్పుడు చేస్తోంది. అదీ రోతగానే ఉంది.

అసలు ఆవిడ అతన్ని మ్యాట్నీకి లాక్కొచ్చిందే పందెం మీద. పెద్ద కూతురు చెప్పకుండా పెళ్ళి చేసుకుని వచ్చిన రోజున, మేస్త్రీ గుమ్మానికి అడ్డంగా నిలబడి, తన చిన్నప్పటి సినిమాలో తండ్రి చెప్పిన డైలాగు చెప్పాడు. "ఈ గుమ్మం దిగిన పిల్ల నాకు పుట్టలేదు." చెప్పి, ఆ సినిమాలో లాగే పిల్ల చెంప ఛెళ్ళుమనిపించాడు. తలుపేసేశాడు.

ఇప్పుడు ఆ పిల్లకి నెలలు నిండుతున్నాయి. మొగుడిది ఓడ మీద పని, ఇప్పట్లో రాడు. కాన్పుకి ఇంటికి వస్తానని తల్లికి ఫోన్ చేసి ఏడ్చింది. తల్లి అడిగితే మేస్త్రీ మళ్ళీ అదే డైలాగు చెప్పాడు. ఇంట్లో ఏ తగాదా తేల్చాలన్నా అతనికి ఆ సినిమాయే కోర్టు.

"ఆ దెబ్బకి హాలంతా ఈలలే. తండ్రంటే అట్లా ఉండాలి," అనేవాడు.

సరిగ్గా అప్పుడే ఆ పాత సినిమాని మెరుగులు దిద్ది మళ్ళీ వదిలారు. ఆవిడ టిక్కెట్లు కొనేసింది. మీరు చెప్పినట్టే ఉంటే జన్మలో పిల్ల మాట ఎత్తను, లేదంటే రేపే తీసుకురావాలి అంది. మేస్త్రీ మీసం దువ్వుకుంటూ బయల్దేరాడు. ఆ సినిమా మీద తనతో పందేనికి వచ్చినవాళ్ళెవరూ బాగుపడలేదట.

నిజంగానే ప్రతి డైలాగూ పాత్రలకంటే ముందు అతనే అంటున్నాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. ముందు వరసలో వాళ్ళు విసుక్కుని వెనక్కి చూశారు కూడా. కానీ బొమ్మ మారినప్పుడల్లా అతని మొహం ఇంకాస్త ముడుచుకుపోతోంది.

తండ్రి వేషం వచ్చింది. గుడి గంట లాంటి గొంతు. ఆ గొంతు వెనకాల మాత్రం పీలగా, నక్క చూపులు చూస్తూ ఒక మనిషి. "నీకు నేనున్నానమ్మా" అంటూ పనిమనిషి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి భుజం దగ్గర ఆగలేదు.

మేస్త్రీ మొహం పక్కకి తిప్పుకున్నాడు. ఆ మాటని తన షాపులో ఎంతమందికి చెప్పాడో.

అంతలో తెర మీదికి ఒక ముసలావిడ వచ్చింది. ఆ తండ్రికి తల్లి. మూగది.

"ఈ ముసల్ది ఎవతే? ఈ సినిమాలో ఈవిడ లేదు," అన్నాడు మేస్త్రీ.

ఇంటర్వెల్లో చల్లారిన టీ తాగుతూ అందరినీ తిట్టాడు. సినిమాని మార్చి పారేశారట. ముసల్దాన్ని ఎక్కడినుంచో తెచ్చి అతికించారట. కూతురు కట్టుకున్న ఎర్రచీర ఏదని అడిగాడు.

"నలుపు తెలుపు సినిమాలో ఎర్రచీర ఎట్లా కనబడిందండీ మీకు?"

"నీకు తెలీదు, నోర్ముయ్."

రెండో సగంలో అతను కళ్ళు మూసుకున్నాడు. చిత్రంగా, మొహం తేటపడింది. పెదాలు కదులుతున్నాయి, చిన్న నవ్వు కూడా వచ్చింది. ఆవిడ మోచేత్తో పొడిచింది.

"నిద్రపోతే పందెం ఓడినట్టే. ఆ సీను వస్తోంది."

మేస్త్రీ కళ్ళు తెరిచి నిటారుగా కూర్చున్నాడు. తెర మీద కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. తండ్రి చెయ్యెత్తి వీధి వైపు చూపించాడు. మేస్త్రీ కూడా అతనితో కలిసి పలికాడు. "ఈ గుమ్మం దిగిన పిల్ల నాకు పుట్టలేదు."

ఛెళ్ళుమంది.

దెబ్బ తగిలింది తండ్రికి. వెనకనుంచి కుంటుకుంటూ వచ్చిన మూగ ముసలావిడ కొడుకు చెంప పగలగొట్టి, ఏడుస్తున్న మనవరాలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. హాలంతా ఈలలు.

మేస్త్రీ తెర వైపు చూడటం మానేశాడు. కుడి అరచేతిని ప్యాంటుకేసి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. గెలిచానని ఆవిడ అనలేదు.

"లేద్దాం పద. కక్కొచ్చేట్టుంది," అన్నాడు.

బయట మెట్ల మీద ఆవిడ నెమ్మదిగా అడిగింది. "అంతా కంఠతా వచ్చంటారే. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో తెలీలేదా?"

అతను కాండ్రించి పక్కకి ఉమ్మేశాడు. కూతురికి ఫోన్ చేసి, పొద్దున్నే వస్తున్నాం, బట్టలు సర్దుకోమని చెప్పమన్నాడు.

చిన్నప్పుడు టిక్కెట్టు కొనిచ్చే దిక్కులేక, ఆడినన్నాళ్ళూ హాలు వెనక గోడకి చెవి ఆనించి ఆ సినిమాని విన్నాడే గాని, మేస్త్రీ దాన్ని కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి.