బల్లార్‌పూర్ రోడ్డు మీద ట్రయల్

నిరుడు బల్లార్‌పూర్ రోడ్డు మలుపులో బైక్‌తో ఒక మనిషిని గుద్ది, ఆపకుండా వెళ్లిపోయాడు ప్రేమ్. ఆ మనిషి అక్కడే చనిపోయాడు. ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఆ బండినే అమ్మకానికి పెట్టాడు.

చీకటి పడ్డాక రజిని అనే ఆమె వచ్చి ట్రయల్ అడిగింది. బండితో ఉడాయిస్తుందేమోనని ప్రేమ్ వెనక కూర్చున్నాడు. చంద్రపూర్ దాటినా ఆమె ఆపలేదు.

"ఇగ చాలక్కా, వెనక్కి తిప్పు."

"మా ఆయన గూడ చూడాలె కదా."

సరిగ్గా ఆ మలుపులోనే ఇంజిన్ ఆపింది. ఎక్కడా చప్పుడు లేదు. రోడ్డు ఖాళీగా ఉంది.

"వీడేనా?" అని రజిని చీకట్లోకి అడిగింది.

ప్రేమ్ దిగబోయాడు. అప్పుడే బండి వెనకవైపు కుంగింది. అతని వెనక ఎవరో ఎక్కి కూర్చుని, నడుం గట్టిగా పట్టుకున్నారు.

రజిని మళ్లీ బండి స్టార్ట్ చేసింది.