మధ్య కుర్చీ

“ఏమడిగారు? ఏమడిగారు?” ఇంటర్వ్యూ గదిలోంచి వచ్చిన పిల్ల చుట్టూ వరండాలో అందరూ మూగారు.

“అడిగింది పక్కనున్న ఇద్దరే. మధ్య కుర్చీలో ప్రిన్సిపాల్ గారున్నారు చూడండీ, ఉలకరు, పలకరు! ప్రశ్న చీటీ మీద రాసి మేడమ్ చేతికిస్తారు. మనతో మాట్లాడ్డం నామోషీ కాబోలు.”

గోడవారన కూర్చున్న అమ్మాయి ఒళ్ళోని కాగితాలు దగ్గరికి లాక్కుంది. చిన్నప్పటినుంచీ ఆమెకు నత్తి. కోరుకున్నదేమో పంతులమ్మ చదువు. ఇప్పటికి రెండు కాలేజీలవాళ్ళు ఆమెను మాట పూర్తి చేయనివ్వకుండానే పంపేశారు. మిగిలింది ఇదొక్కటే.

“అత్తా, ఆ... ఆ ప్రశ్నే అడిగితే?”

“అడగనీవే. ఊపిరి పీల్చుకుని ఉన్నదున్నట్టు చెప్పు. నిజం చెప్పడానికి తొందరేముంది?” అంది మేనత్త, ఆమె జడ సర్దుతూ.

పిలుపు వచ్చింది. ‘నోరిచ్చిన స్వామీ, మాటకెందుకు ముడి వేశావో నీకే తెలియాలి. ఈ కాసేపైనా విప్పు’ అనుకుంటూ లోపలికి నడిచింది.

పేరు చెప్పడానికే నాలుక మొరాయించింది. మేడమ్ జాలిపడి మిగతా సగం తనే అందించబోయింది. ప్రిన్సిపాల్ చెయ్యెత్తి ఆపారు. ఇక చాలంటున్నారని అమ్మాయికి అర్థమైపోయింది. ఆమె మాట తట్టుకున్నప్పుడల్లా ఆయన తల దించుకుంటున్నారు. వేళ్ళు తెల్లబడేలా కలాన్ని బిగిస్తున్నారు. మరీ అంత విసుగా!

ఇంతలో చీటీ వచ్చింది. చదువుకుని మేడమ్ నీళ్ళు నమిలింది.

“ఇది కూడా అడగాలంటారా సార్?”

ఆయన తలూపారు.

“మాట తడబడే మనిషి పాఠం ఎలా చెబుతుంది? పిల్లలు నవ్వరా?”

అమ్మాయి ఊపిరి పీల్చుకుంది.

“న... నవ్వుతారు మేడమ్. నాలుగు రోజులు నవ్వి వాళ్ళే అలవాటు పడతారు. కానీ ఏ తరగతిలో చూసినా, జ... జవాబు తెలిసీ చెయ్యెత్తని పిల్ల ఒకతుంటుంది. నేనూ అలాగే వె... వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ పిల్ల మాట పూర్తయ్యేదాకా నే... నేను ఆగుతాను. ఆగడం నాకు వచ్చు.”

ప్రిన్సిపాల్ ఇంకో చీటీ అందుకున్నారు. ఏదో రాయబోయి, ఆగి, దాన్ని నలిపి పక్కన పడేశారు.

“ఇక వెళ్ళమ్మా” అంది మేడమ్ మెల్లగా.

ఆశ అడుగంటింది. అత్తకి ఏ మొహం చూపించాలి? నమస్కారం పెట్టి తలుపుదాకా వెళ్ళిందో లేదో, వెనక కుర్చీ జరిగిన చప్పుడైంది. తిరిగి చూస్తే ప్రిన్సిపాల్ లేచి నిలబడి ఉన్నారు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు బిగుసుకున్నాయి. అమ్మాయి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

“ఎ... ఎ... ఎప్పుడు చేరతావు త... తల్లీ?”