గొలుసు కట్టే ఆదివారం

"గొలుసు ఎవరింట్లోనైనా ఉంటుందండీ," అన్నాడు లాయర్ క్రాస్బీ. "దాన్ని వీధికి అడ్డంగా కట్టగా చూసినవాళ్లెవరు?"

 ఓరిన్ పెటెన్‌గిల్ మోసుకొచ్చిన తుప్పు గొలుసు ప్లానింగ్ బోర్డు బల్లమీద పడి ఉంది. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరంలోని ఆ చిన్న రేవు పట్టణంలో ఓరిన్ అంటే పిసినారి అని పేరు. చేపల పడవ మానేసినా తన ఇంటిముందు వీధిని కాపలా కాయడం మానలేదని నవ్వుకుంటారు.

బోర్డు అధ్యక్షుడు మార్సెల్ గొంతు సవరించుకున్నాడు. "మరోసారి చెబుతున్నాను. ప్రైవేటు వీధిలో ఇరవై ఏళ్లు అడ్డూ ఆపూ లేకుండా జనం తిరిగితే అది జనానిదైపోతుంది. ఏడాదికి ఒక్కరోజైనా మూసి ఉంచితే కాదు. ఓరిన్‌గారూ, మీరు మూశారా?"

"నవంబరు మొదటి ఆదివారం, తెల్లారిన దగ్గర్నుంచి చీకటిపడే దాకా. ఇరవై రెండేళ్లుగా."

"వీధి ఎవరిదన్నది మాకనవసరం," అన్నాడు క్రాస్బీ. "జనానిదైతే చాలు. వెనక స్థలంలో మావాళ్లు నలభై ఇళ్లు కట్టుకుంటారు."

ఆ వీధిలో ఉన్నవి రెండే ఇళ్లు. ఒకటి ఓరిన్‌ది. రెండోది థెల్మా లిబ్బీది. ఆవిడ క్రాస్బీ పక్కనే కూర్చుంది. వీధి పట్టణం చేతికొస్తే గొలుసు పీడ వదిలిపోతుందని అతను ఆవిడకి మాటిచ్చాడు. ఓరిన్ అంటే ఆవిడకి ఒళ్లుమంట.

"థెల్మాగారూ, మీరెప్పుడైనా చూశారా?" అడిగాడు మార్సెల్.

క్రాస్బీ కుర్చీలో వెనక్కి వాలాడు. ఆవిడ లేదంటే పని అయిపోయినట్టే. ఓరిన్ టోపీ చేతుల్లో తిప్పుతూ నేలచూపులు చూస్తున్నాడు.

"చూడకేం?" అంటూ లేచింది థెల్మా. "మా ఆయన ఎవరెట్ చనిపోయిన ఏడాది మొదలెట్టాడు ఈ పెద్దమనిషి. ఏటా ఆ ఆదివారం కారు లోపల వదిలేసి, మంచి బూట్లతో బురదలో పడి చర్చికి నడిచాను. ఇరవై రెండుసార్లు. లెక్క ఎలా గుర్తుందంటారా? నడిచినప్పుడల్లా తిట్టాను కనక."

హాలంతా నవ్వింది.

"అమ్మా, కాస్త ఆలోచించుకుని చెప్పండి," అన్నాడు క్రాస్బీ.

"ఆలోచించేదేముంది నాయనా? ఆయనంటే నాకు పడదు. పడనంత మాత్రాన చూసింది చూడలేదననా?"

ఎదురుగా కూర్చున్న బోర్డు సభ్యులు ఆవిడవంక గౌరవంగా చూశారు. తనకి నష్టమని తెలిసీ నిజం చెప్పేవాళ్లు ఆ బల్లముందుకి రోజూ రారు.

"ఇంకా వినండి," అంది. "తెల్లారేసరికి మా గుమ్మందాకా మంచు తవ్వేసి ఉంటుంది. గుంత పడితే సాయంత్రానికల్లా పూడుస్తాడు. అంత మమకారం. తన బండి మాత్రం ఏనాడూ వీధిలో నిలపడు, వీధి అరిగిపోతుందని కాబోలు."

"పట్టణం తరఫున మంచు తీసే బండి మీ వీధి మొదట్లోనే ఆగిపోతుంది కదమ్మా," అన్నాడు మార్సెల్. "ప్రైవేటు వీధిలో ఆ చాకిరీ అంతా యజమానిదే. చెయ్యక తప్పదు."

"తప్పదు కనకే చేస్తున్నాడు. నామీద జాలితోనా?"

ఓరిన్ చెవులు ఎర్రబడ్డాయి.

ఐదు చేతులూ లేచాయి. వీధి ప్రైవేటుదేనని బోర్డు తేల్చింది. క్రాస్బీ విసురుగా కాగితాలు సర్దుకున్నాడు. ఓరిన్ గొలుసు భుజాన వేసుకుని తలుపు వైపు నడిచాడు.

"ఆగండి," అంది గుమాస్తా రోవీనా. "పుస్తకంలో రాసుకోవాలి. వీధి దస్తావేజు ఇలా ఇవ్వండి."

"అది చూడకపోతే కుదరదా?"

"కుదరదండీ."

ఓరిన్ కోటు లోపలి జేబులోంచి పసుపుబారిన కవరు తీశాడు. ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు.

"ఎవరెట్ పోయేముందు నాకప్పగించాడు. మంచు తవ్వే ఓపిక ఉన్నన్నాళ్లూ ఇది బయటికి రాకూడదనుకున్నాను," అన్నాడు. థెల్మా వైపు తిరిగి, "కోప్పడకమ్మా," అన్నాడు.

"ఇన్నేళ్లూ పడ్డ కోపం చాల్లేదా?" అంది థెల్మా.

రోవీనా కాగితం విప్పింది. ఒకసారి చదివి, కళ్లజోడు తుడుచుకుని, ఈసారి పైకి చదివింది.

"వీధి యజమాని, థెల్మా లిబ్బీ."