మీవాళ్ళే అనుకున్నాను

"ఆ మూల కూర్చున్న పెద్దాయన ఎవరండీ?"

అద్దం అవతల నుంచి అడిగాడు రికార్డింగ్ ఇంజనీరు.

శాక్సఫోను పట్టుకున్న బావ తల తిప్పి చూశాడు. తలుపు పక్క కుర్చీలో ఒక ముసలాయన. ఉతికిన చొక్కా, ఒళ్ళో సంచీ. ఎప్పుడొచ్చి కూర్చున్నాడో!

డ్రమ్స్ వాయించే బావమరిది తాలూకు మనిషై ఉంటాడనుకున్నాడు బావ. అత్తవారి వైపు పెద్దమనిషిని పట్టుకుని మీరెవరని అడిగితే ఇంటికెళ్ళాక భార్యకు జవాబు చెప్పుకోలేడు.

"మనవాళ్ళేలెండి," అనేశాడు.

బావమరిది కూడా తల ఊపాడు.

అసలే బావ ప్రాణం గుప్పిట్లో ఉంది. ఇది అతని మొదటి జాజ్ ఆల్బమ్. విడుదల తేదీ ప్రకటించేశాడు. స్టూడియో ఆ ఒక్కరోజే దొరికింది. పొద్దుటి నుంచి ఒక్క పాటా కుదరలేదు.

జాజ్ అంటే సగం అప్పటికప్పుడు అల్లుకునేదే. ఒకడు పరుగెత్తితే రెండోవాడి అల్లిక తెగిపోతుంది. బావమరిది పరుగెత్తుతూనే ఉన్నాడు.

"నిన్నెవరైనా తరుముతున్నారట్రా?"

"నువ్వు నత్తకి చుట్టమైతే నేనేం చెయ్యను బావా?"

"నోరు మూసుకుని హెడ్‌ఫోన్లు తగిలించుకో. మళ్ళీ మొదలెడదాం."

ఈసారి ఏమైందో ఏమో, పాట నిలబడింది. డ్రమ్ములు తొందరపడలేదు. శాక్సఫోను ఎటు తిరిగొచ్చినా సరిగ్గా తాళం మీదికే వచ్చి వాలింది.

"బ్రహ్మాండం!" అన్నాడు ఇంజనీరు. "కానీ టక్ టక్‌మని మైకులో పడుతోంది, మీ హెడ్‌ఫోన్లలోకీ వస్తోంది. ఆ పెద్దాయన కాలు. కాస్త బయట కూర్చోమనండి."

బావ బావమరిది వైపు చూశాడు. బావమరిది బావ వైపు చూశాడు. ఇద్దరూ కదల్లేదు.

చివరికి ఇంజనీరే వచ్చి పిలిచాడు. ముసలాయన పలకలేదు. పెద్దరికం మరి, అనుకున్నాడు బావ.

భుజం తట్టేసరికి లేచాడు. "నా వంతు వచ్చిందా నాయనా?" అంటూ నవ్వుతూ బయటికి నడిచాడు.

వంతేమిటి? ఈయనా వాయిద్యం తెచ్చుకున్నాడా? బావకు అంతుపట్టలేదు.

ఆయన వెళ్ళాక వాయించిన పాటలన్నీ ఎడ్డెమంటే తెడ్డెమన్నట్టే సాగాయి. మంచి పాటలో ఆ కాలి చప్పుడు తీసేసి చూశారు. పాట చచ్చినట్టయింది. గడువు ముంచుకొచ్చి, ఉన్నది ఉన్నట్టే విడుదల చేశారు.

విన్నవాళ్ళంతా ఒకటే మాట. "ఆ ఒక్క పాటలోనే ప్రాణం ఉంది. కాలితో తాళం వేసింది ఎవరు?"

బావ ఫోన్ చేశాడు.

"ఒరేయ్, మీ పెద్దనాన్నగారిని రెండో ఆల్బమ్‌కి తీసుకురా. ఆయన లేకపోతే మనం లేం."

"మా పెద్దనాన్నా? ఆయన మీ బాబాయి కాదా?"

"మా బాబాయా! మరి నువ్వు తల ఊపావు కదరా!"

"నువ్వు మనవాళ్ళే అన్నావని ఊపాను బావా!"

రెండు వైపులా చుట్టాలందరినీ అడిగారు. ఆయన ఎవరికీ ఏమీ కాడు.

దిక్కు తోచక, రికార్డు చేతపట్టుకుని బావ మళ్ళీ స్టూడియో మెట్లెక్కాడు. పక్క గది డాక్టరుగారి నర్సు ఎదురైంది. ఆనవాళ్ళు చెప్పగానే గుర్తుపట్టింది.

"ఒళ్ళో సంచీ పెట్టుకుని కాలు ఆడిస్తుంటాడు, ఆయనేనా? కుట్టుమిషను తొక్కిన కాలండీ, కూర్చుంటే ఊరుకోదు. ఇక చేసేదేమీ లేదని డాక్టరుగారు చెప్పేశాక మళ్ళీ రాలేదు. ఇల్లు కూడా మారిపోయాడట."

"అయ్యో! ఈ పాట నిలబడింది ఆయన వల్లేనమ్మా. ఒక్కసారైనా వినిపించాలి."

నర్సు రికార్డునూ అతన్నీ మార్చి మార్చి చూసింది.

"ఏం వినిపిస్తారండీ! ఆ రోజు మీ అందరి చెవులకీ ఏవో తగిలించి ఉండేసరికి, పరీక్ష అక్కడే అనుకుని పిలుపు కోసం కూర్చున్నాడట పాపం. మాది చెవుల ఆసుపత్రి, ఆయనకి రెండు చెవులూ బొత్తిగా వినపడవు."