సూర్యుడి వాటా

"మళ్ళీ నాదేనా?" సాయిరామ్ రెండు చేతులతో కనుబొమ్మలు కప్పుకున్నాడు.

"మీదే. భక్తుడు మీరు, పూజారిని నేను," అంది దేవిక, ప్లాస్టిక్ కుర్చీలో వెనక్కి వాలి స్కార్ఫ్ సర్దుకుంటూ.

కువైట్‌లో, సబా అల్ సలేంలో వాళ్ళుండే భవనం మేడ మీదికి అప్పుడే ఎండ వచ్చింది. నీళ్ల ట్యాంకుల పక్కన, సాయిరామ్ తను పనిచేసే దజీజ్ గోదాము నుంచి తెచ్చిన పెయింటు బకెట్లలో మొక్కజొన్న నిలబడింది. దాని కాడను పట్టుకుని చిక్కుడు పాకింది. కింద గుమ్మడి పరుచుకుంది. ఒకప్పుడు మెక్సికోలో అజ్‌టెక్ రైతులు ఈ మూడూ కలిపే వేసేవారట.

దేవిక సోషల్ టీచరు. ఆదివారంతో ఆమె పెట్టిన పొడుగు సెలవు అయిపోతుంది. పెరూలో సూర్యుణ్ణి కొలిచిన ఇంకాల పాఠం చెప్పే రోజున తన చేత్తో పండించిన కంకి తెస్తానని ఆరో తరగతి పిల్లలకి ఫోన్లోనే మాట ఇచ్చేసింది. ఇవాళ శుక్రవారం. కంకి ఒలిస్తే గింజ ఉండాలి.

సాయిరామ్ ఒక వెంట్రుక పీక్కుని, "అబ్బా" అని, సూర్యుడి వైపు ఊదాడు. ఇంకాల మొక్కు అది. ఏమీ లేనివాడికైనా కనుబొమ్మలుంటాయిగా అని ఆ మొక్కు పెట్టుకున్నారేమోనని దేవిక ఊహ.

"గోదాములో అడుగుతున్నారు, ఎడం కనుబొమ్మ ఏమైందని. నువ్వొక్కసారైనా ఇచ్చావా?"

"పొద్దున్నే పెన్సిల్‌తో అంత కష్టపడి దిద్దుకుంటానా, పాడు చేసుకోమంటారా?"

పక్క ఫ్లాటు షహర్‌బాను బకెట్ మోసుకుంటూ మెట్లెక్కి వచ్చింది. కడపామె.

"నువ్వు లేయబాకక్కా, నేను పోస్తా. మా ఇంట్లో ఇంగా టీ గూడా పెట్టలా. ముందు నీ సేద్యమే అయిపాయ."

"ఇంకాల ఊళ్ళోనూ అంతే బానూ. చేతకానివాళ్ళ పొలం ఊరంతా కలిసి ముందు దున్నేవారు. ఆ తర్వాతే ఎవరిది వాళ్ళు."

"చేతగానోళ్ళంటే ఎవురు? మా సాయన్నేనా?"

"ఇంకెవరమ్మా, నేనే," అని నవ్వి, సాయిరామ్ ఒక కంకి విరిచి భార్య ఒళ్ళో పెట్టాడు.

దేవిక మెల్లగా ఒలిచింది. అక్కడక్కడ పాలపళ్ళు ఊడినట్టు ఖాళీలు. మిగతా అంతా గింజే. ఒకటి నోట్లో వేసుకుంది. కాసేపు కళ్ళు మూసుకుంది.

"తియ్యగా ఉందండీ. నిజంగా తియ్యగా ఉంది."

షహర్‌బాను చప్పున ఇంకో గింజ వలిచి ఆమె నోట్లో పెట్టింది.

"బడికి రెండు కంకులు పట్టుకెళ్తా," అని దేవిక ఫోను తెరిచి అద్దంలా ముఖానికి ఎదురుగా పెట్టుకుంది. కనుబొమ్మ మీద గోళ్ళతో వెతికింది. "ఇవాళ కోత. ఇవాళ మొక్కు నాది."

సాయిరామ్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు దేవీ. నావి ఎన్ని కావాలంటే అన్ని పీక్కో."

"పండినదాంట్లో మొదటిది సూర్యుడిదేనండీ. మిగతావన్నీ మనవేగా."

అతను చెయ్యి వదిలేశాడు. ఆమె చిటుక్కున పీకి, అరచేతిలో ఒకసారి చూసుకుని, నవ్వుతూ ఊదింది.

కీమో అయ్యాక ఆమెకు మొలిచిన మొదటి వెంట్రుక అది.