తాళం బొమ్మలు

"అమ్మా, మన కంప్యూటర్‌లోకి దొంగలు జొరబడకుండా ఆఫీసు నుంచే కాపలా పెడతాను. పైసా ఖర్చు లేదు. ఉచిత రక్షణ కావాలా అని కంప్యూటర్ అడుగుతుంది, అవును అని నొక్కు. తర్వాత తెర మీది బాణం దానంతటదే తిరుగుతుంది. తిప్పేది నేనే. మిక్సీకి జడుసుకున్నట్టు జడుసుకుని వైరు పీకేయకు తల్లీ!" అని ఫోన్లో నవ్వింది మా అమ్మాయి.

దాని నవ్వు దానిది, నా గుండె దడ నాది. ఏడాదిగా అది కళ్లు కాయలు కాచేలా గీసిన ఇళ్ల ప్లాన్లన్నీ అందులోనే ఉన్నాయి. మరో కాపీ లేదు.

కాసేపటికి తెర మీద ఎర్ర పెట్టె ఒకటి వచ్చింది. ఉచిత రక్షణ కావాలా అని ఉంది. కూడబలుక్కుని చదివి, అవును నొక్కాను.

బాణం కదిలింది. పట్టుకున్న చెయ్యి లేకుండా అది అలా తిరుగుతోంది. వైరు మీదికి పోయిన చేతిని, అమ్మాయి మాట గుర్తొచ్చి వెనక్కి లాక్కున్నాను.

బాణం ప్లాన్ల మీద ఒక్కొక్కదాని మీదా వాలింది. వాలిన చోటల్లా చిన్న తాళం బొమ్మ పడింది. నా బంగారు తల్లి, ఎంత భద్రంగా తాళాలు వేసుకుంటోందో అనుకున్నాను. అప్పటికి గాని ఊపిరి తిరగలేదు.

అన్నిటికీ తాళాలు పడ్డాక ఫోను మోగింది.

"సారీ అమ్మా, మీటింగులో ఇరుక్కుపోయాను. ఇంకా మన కంప్యూటర్ జోలికే రాలేదు. ఇప్పుడు మొదలుపెట్టనా? అమ్మా, వింటున్నావా? అసలు కంప్యూటర్ ఆన్ చేశావా లేదా?"